మూడెకరాల తోటకు రెండు వేల చెట్లు

మాది ప్రొద్దుటూరు. చదువు అయిదో తరగతితో ఆగింది, లెక్క మాత్రం సొంతంగా నేర్చుకున్నాను. జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా చీనీ తోట, అంటే బత్తాయి తోట, కొనాలనుకున్న వ్యాపారులు ముందు నన్ను పంపేవాళ్లు. చెట్లు లెక్కబెట్టి, కాయ ఎంత దిగుతుందో చెప్పడం నా పని. లెక్కబెట్టిన ప్రతి చెట్టుకూ సున్నంతో ఒక వేలి గీత పెడతాను. గీత ఉన్న చెట్టు మళ్లీ లెక్కలోకి రాదు.

ఫ్యాక్షన్ రోజుల్లో మనిషి దొరక్కపోతే తోట నరికేవాళ్లు. పులివెందుల దగ్గర ఒక రైతుకు అదే జరిగింది. ఆయన ఏ పార్టీ వాడూ కాదు. అన్న కొడుకు ఎన్నికల్లో ఒక పక్షానికి ఏజెంటుగా కూర్చున్నాడు, అంతే. కాయ అంచనాకని పోయిన నాకు నేలమీద పడిన తోట కనబడింది.

"వచ్చినావు గదప్పా, లెక్క జూడు. నా నోటితో చెప్తే ఎవరు నమ్ముతారు?" అన్నాడు రైతు.

మొద్దు మొద్దుకూ సున్నం గీత పెట్టాను. మూడు వందల పన్నెండు. ఆయన అర్జీలో అదే రాయించాడు. మధ్యాహ్నం ఇద్దరు విలేకరులు వచ్చారు, చెరొక పార్టీ పత్రిక వాళ్లు. నేను చెప్పిన అంకెను ఇద్దరూ నా ఎదుటే రాసుకున్నారు.

మర్నాడు ఒక పత్రికలో 'రెండు వేల చెట్లు నేలమట్టం'. రెండోదానిలో 'సానుభూతి కోసం ఇరవై చెట్లు తానే నరుక్కున్న రైతు'. రెండోది చూసి మండిపోయాను. మొదటిది చూసి, పోనీలే, రైతుకు మేలే అనుకున్నాను. అలా అనుకున్నందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

పరిహారం విచారణ రోజు రైతు పిలిస్తే నేనూ పోయాను. వచ్చిన అధికారి చేతిలో ఆ మొదటి పత్రికే ఉంది.

"మూడెకరాల్లో రెండు వేల చెట్లు ఎట్లా పడతాయయ్యా?"

"నేను అట్ల చెప్పలేదు సార్. అర్జీ చూడండి," అన్నాడు రైతు.

"ఇక్కడ నీ ఫొటో వేశారు. నువ్వు చెప్పకుండానే రాశారా?"

నేను సున్నం గీతలు చూపించాను. "నువ్వెవరి మనిషివి?" అన్నాడు. లెక్కబెట్టే మనిషినన్నాను. నవ్వాడు. రైతు అబద్ధమాడాడని నివేదిక పోయింది. పరిహారం రాలేదు. నరికినవాళ్లు ఆ నివేదికే చూపించి కేసు నుంచి జారుకున్నారు.

రెండు వేలని రాసిన విలేకరిని జమ్మలమడుగులో టీ అంగడి దగ్గర పట్టుకున్నాను.

"ఏందప్పా, నా ముందరే గదా రాసుకుంటివి?"

"రాసుకుంటి మామా. మూడు వందలంటే ఎవరు చదువుతారు? అవతలోళ్లు ఇరవై అంటాండారు. మనం రెండు వేలంటే జనం మధ్యలో యాడో ఒకచోట నిలబడతారు."

"తప్పు పడిందని ఒక ముక్క వెయ్యి."

"వేస్తే అవతలోళ్లు గెలిచినట్లు గదా! శానా వేడి మీద ఉండావు, టీ తాగు."

తాగలేదు. అతను చెప్పిన మధ్య చోటును ఇంటికి పోయి లెక్కగట్టాను. రెండు వేలకు ఇరవై కలిపి సగం చేస్తే వెయ్యిన్నీ పది. అక్కడ కూడా నిజం లేదు. నిజం ఎండలో మొద్దుల దగ్గర ఉంది, ఆ విలేకరులిద్దరూ నడిచి చూసిన చోటే. తెలియక రాసి ఉంటే క్షమించేవాణ్ణి.

తర్వాత ఆ వైపు పోయినప్పుడు రైతు మొద్దులు పెరికించి వేరుశనగకు చేను దున్నిస్తున్నాడు. దారిన పోయే ఒకతను ఆగి, "ఎన్ని చెట్లు పోయినాయి మామా?" అని అడిగాడు.

"నాకేం తెలుసప్పా, పేపరోళ్లను అడుగు. నీది ఏ పార్టీనో చూసుకోని, నీకు కావల్సిన లెక్క తీసుకో."

అతను నవ్వుతూ పోయాడు. రైతు నవ్వలేదు. తన చేత్తో నీళ్లు పోసి పెంచిన చెట్లు ఎన్నో చెప్పుకునే ఓపిక కూడా లేకుండా చేశారు ఆ మనిషికి.