చార్జరు పెట్టి తీసిన కొలత

మా పై ఇంటి తమ్ముడు మంగళవారం పొద్దున పోయాడు. ఆఫీసు మెట్ల మీదే గుండె ఆగింది. లింగంపల్లిలో పదకొండేళ్లు మేం ఒకే బిల్డింగులో ఉన్నాం.

సాఫ్ట్‌వేర్ ఎంత కరెంటు తింటుందో కొలవడం హైటెక్ సిటీలో అతని ఉద్యోగం. ఫోనులో బ్యాటరీ తీసేసి, అక్కడ మీటరు తీగలు కలిపి, యాప్ చేత ఒకే పని మళ్లీ మళ్లీ చేయించేవాడు. వేడెక్కిన ఫోను తప్పు లెక్క చూపిస్తుందని, ప్రతిసారీ అది చల్లారేదాకా కూర్చునేవాడు. మా ఇంట్లో అడుగు పెట్టినా ముందు నా ఫోను వెనక అరచేయి ఆనించేవాడు.

“అన్నా, దీనికి జరం వచ్చింది. ఏం నడిపిస్తున్నవ్ లోపల?”

“నువ్వు డాక్టర్‌వా, మెకానిక్‌వా?”

“వాళ్లకు ఫీజుంటది. నాకు చాయ్ చాలు.”

నిరుడు అతని కంపెనీ క్యాబ్ డ్రైవర్ల కోసం ఒక యాప్ చేసింది. స్క్రీన్ ఆపినా అది కారు ఎక్కడుందో అడుగుతూనే ఉందని, బ్యాటరీని ఖాళీ చేస్తోందని అతని మీటరు చెప్పింది. పైవాళ్లు మళ్లీ కొలిపించారు, ఈసారి ఫోనుకు చార్జరు పెట్టి. చివరికి బ్యాటరీ నిండుగా కనిపించింది. ఆ రిపోర్టు మీద సంతకం అతనిదే.

ఒక ఆదివారం మా బిల్డింగు మెట్ల మీద కూర్చుని చెప్పాడు. “డ్రైవర్లు ఎట్లాగూ చార్జింగుల పెడ్తరు గదా అన్నడు మేనేజరు. పెట్టక ఏం జేస్తరు సార్ అన్న నేను. అని, సంతకం పెట్టిన.”

“మొదటి కొలత కాగితం ఇయ్యి. మా పేపర్ల రాస్త.”

“అది నా దగ్గర తప్ప ఎవరి దగ్గర లేదన్నా. తెల్లారే నన్ను పట్టుకుంటరు.”

అతని భార్యకు వారానికి మూడుసార్లు డయాలసిస్. అది ఆఫీసు ఇన్సూరెన్సు మీదే నడుస్తోంది.

“నువ్వు కాగితం లేంది రాయవు. నేను నౌకరీ లేంది ఆమెను దవాఖానకు తీస్కపోలేను. ఇద్దరం ఒక్క లిఫ్టుల ఇరుక్కున్నం,” అని నవ్వాడు.

నేను రాయలేదు. కంపెనీ పేరు ఇప్పుడూ రాయడం లేదు; కాగితం ఇప్పటికీ నా దగ్గర లేదు. కానీ ఎవరు ఏ లెక్క చూపించినా, కొలిచేటప్పుడు దానికి ఏం తగిలించారో అడుగుతున్నాను. ఆ ప్రశ్న అతనిచ్చిందే.

ఈ శుక్రవారం అతని భార్యను డయాలసిస్‌కు నేను తీసుకెళ్లాను. ఇన్సూరెన్సు ఎన్నాళ్లుంటుందో ఆఫీసువాళ్లు ఇంకా చెప్పలేదు. క్యాబ్‌లో గేరు పక్కన ఫోను చార్జింగులో ఉంది. వైరు పొట్టిది. ఓటీపీ కొట్టడానికి డ్రైవరు దాని మీదికి వంగాడు.

“వైరు పీకి తీస్కోరాదు?” అన్నాను.

“పీకితే గచ్చిబౌలి దాటదు సార్.”

అది అదే యాపో కాదో నాకు తెలియదు. సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు ఆమె సీట్ల మధ్య నుంచి చేయి చాపి, ఆ ఫోను వెనక అరచేయి ఆనించింది. లైటు పచ్చబడ్డా తీయలేదు.