తిమ్మక్క విప్పేసిన అంగీ

తిమ్మక్క గురించి ఇంతవరకు నన్నెవరూ అడగలేదు. ఇకముందు కూడా అడగరని తెలిసే ఇది రాస్తున్నాను. మొన్న పావగడలో మా అన్న మారన్న ఇంటి వసారాలో కూర్చున్నాం. వాన అప్పుడే వెలిసింది. కొండ కింద వీధిలో ఎవరిదో మంద తడిసి ముద్దయి పోతోంది. తడి ఉన్ని వాసన ఇంట్లోకి వచ్చేసరికి నాకు తిమ్మక్క ఇల్లు గుర్తొచ్చింది. మా అన్నకు మాత్రం కబుర్లు గుర్తొచ్చాయి. మనవళ్ళను దగ్గర కూర్చోబెట్టుకుని, "ఆ కరువులో మేమందరం గొర్రెలు తోలుకొని మలెనాడు పోయినామప్పా" అని మొదలుపెట్టాడు. మేమందరం అన్నాడు. పక్కనే ఉన్నవాణ్ణి, "నేను పోలేదు" అన్నాను. "ఉండప్పా, పిల్లోళ్ళకు చెప్పనీ" అన్నాడు. పిల్లలు నా వైపు తలైనా తిప్పలేదు. ఆయన కథ ఆయన చెప్పుకున్నాడు. నాది నేను చెబుతాను.

అవి మైసూరు మహారాజుగారి రోజులు. వై.ఎన్.హొసకోటకు అవతల మా హట్టి ఉండేది. హట్టి అంటే గొర్రెల కాపరుల ఇళ్ళన్నీ ఒక్కచోట, చుట్టూ ముళ్ళకంచె వేసుకుని ఉండే ఊరు. వరసగా వానలు పోయాయి. గడ్డి లేదు, గింజ లేదు. మందలున్నవాళ్ళు పడమటికి, వానలు పడే మలెనాడు కొండల వైపు బయలుదేరారు. మా అమ్మ అంతకుముందే పోయింది. మా నాయన నాగప్పకు కొడుకులం ఇద్దరం. దారిలో ఇద్దరికీ కూడు పెట్టలేనని, ఒకణ్ణి ఊళ్ళో వదిలిపెట్టాలనుకున్నాడు. మా అన్న నాకన్నా ఏడాదే పెద్ద. నడకలో నేనే ముందుండేవాణ్ణి. గొర్రెలు నా అదిలింపుకే తిరిగేవి. అయినా వదిలింది నన్ను.

మా దొడ్డి పక్కన తిమ్మక్క ఇల్లు. భర్త లేడు, ఉన్ని వడికి బతికేది. ఆమె ఒక్కగానొక్క కొడుకు, నా ఈడువాడు, ఆ వేసవిలోనే జ్వరంతో పోయాడు. వాడి అంగీ ఇంకా దొడ్డి కంచె మీదే వేలాడుతూ ఉండేది. తీయడానికి ఆమెకు చేతులు రాలేదు.

మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఏ గొర్రె పిల్లైనా చచ్చిపోతే దాని తోలు వలిచి, తల్లిలేని మరో పిల్ల వీపు మీద కప్పి, కాళ్ళకు కట్టి, చచ్చిన పిల్ల తల్లి దగ్గరికి వదులుతారు. గొర్రె మూతి పెట్టి వాసన చూస్తుంది. తన పిల్లే అనుకుని పాలిస్తుంది. మా నాయనకు అంతకు మించిన విద్య తెలియదు. మనుషులకూ అది పనికొస్తుందనుకున్నాడు. బయలుదేరే రోజు పొద్దున్నే కంచె మీది అంగీ దులిపి నాకు తొడిగాడు. "పొయ్యి ఆయమ్మ పక్కన కూకో. ఏమీ మాట్లాడొద్దు" అన్నాడు. అంగీ నాకు చంకల్లో బిగువుగా ఉంది.

తిమ్మక్క బయటికొచ్చి నన్ను చూసి, గుంజ పట్టుకుని నిలబడిపోయింది. "ఎవరప్పా ఈనికి ఇది తొడిగింది?" అంది.

"నేనే తిమ్మక్కా. నీకా బిడ్డ లేకపాయె, ఈనికా తల్లి లేకపాయె. మాపటికి ఇద్దరూ కలిసిపోతారని..."

"నేను గొర్రెనా నాగప్పన్నా?"

మంద వెనక నిలబడిన వాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె నా చేతులు పైకెత్తించి అంగీ విప్పేసింది. దాన్ని గుండెకు పట్టుకుని లోపలికి పోయింది. మంద కదిలింది. మా నాయన వెనక్కి తిరిగి చూడలేదు. మా అన్న చూశాడు. నేను వాకిట్లో ఒంటి మీద గుడ్డ లేకుండా నిలబడ్డాను. కన్నవాడు వదిలాడు, ఈమె కూడా వద్దంది అనుకున్నాను. ఆ పొద్దు ఆమె మీద పెట్టుకున్న కోపం చాలా ఏళ్ళు దాచుకున్నాను.

ఎండ నెత్తికెక్కాక ఆమె బయటికొచ్చింది. ఒక చేతిలో సంగటి ముద్ద, ఇంకో చేతిలో తన కంబళిలోంచి కోసిన ముక్క. "ఇది ఎవురిదీ కాదు, నీదే. కప్పుకో" అంది. తర్వాత, "నీ పేరేంది?" అంది.

పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మనిషి పేరడిగితే ఒళ్ళు మండింది. "నీకు తెలీదా?"

"నాకు తెలుసు. నీ నోటితో చెప్పు."

"ఈరన్న."

"ఆఁ, లోపలికొచ్చి తిను ఈరన్నా" అంది. ఎవరి బదులూ కాకుండా నన్ను నన్నుగా లోపలికి పిలిచింది ఆమే. అది అప్పుడు నాకు తెలియలేదు.

వదిలేసిన పిల్లలు ఏడుస్తారనుకుంటారు. నేను ఏడవలేదు. కూడు దొంగిలించాను. తినగా మిగిలిన సంగటి కంబళి మడతలో దాచేవాణ్ణి. అది ఎండి, చీమలు పట్టి, ఒళ్ళంతా కుట్టేవి. రేపు ఈమె కూడా వెళ్ళిపోతే ఎట్లా అన్నదే నా ఆలోచన. ఎవరైనా చెయ్యెత్తితే ముందే కొరికేవాణ్ణి. దాచిన ముద్దలు తిమ్మక్క కంట పడినప్పుడు తంతుందనుకుని గోడకు అంటుకుపోయాను. ఆమె మూత ఉన్న చిన్న కుండ ఒకటి తెచ్చి నా పక్కన పెట్టింది. "దాచుకునేది ఉంటే దీంట్లో దాచుకో. చీమలు రావు" అంది. అంతే. రోజూ దాచాను. వారమో పది రోజులో గడిచాక, ఎప్పుడు మానేశానో నాకే గుర్తులేదు. తల మీద చెయ్యి వేసి నిమిరేది కాదు. ముద్దు చేసేది కాదు. దానికీ నేను అలిగేవాణ్ణి. చచ్చినవాణ్ణి ఎట్లా ముద్దు చేసేదో చూసినవాణ్ణి కదా.

హట్టి పిల్లలు నాకు 'తోలుపిల్ల' అని పేరు పెట్టారు. ఒకడు గొర్రెపిల్లలాగా అరుస్తూ నా వెంట పడితే, రాయి తీసి వాడి నుదురు పగలగొట్టాను. వాడి తల్లి వచ్చి వాకిట్లో శాపనార్థాలు పెట్టింది. తిమ్మక్క ఆమెకు దండం పెట్టి పంపించి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టింది.

"ఏమన్నాడు వాడు?"

"తోలుపిల్ల అన్నాడు."

"కాదా మరి?"

నేను లేచి పోబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"వాడు చూసింది వాడన్నాడు. వాని తల పగలగొడితే ఏమొస్తాది? తోలు కప్పినోడు ఉండాడు కదా, ఆయప్పను అడుగు. జవాబు రాకుంటే మళ్ళీ అడుగు. రాయి మాత్రం పట్టొద్దు."

నేను మొండివాణ్ణని, పాత సంగతులు తవ్వుతానని మా బంధువులంతా అంటారు. ఆ మొండితనం ఆ వాకిట్లో వచ్చింది. అంతకు ముందు నాకు రాయి తప్ప వేరే భాష లేదు.

మరుసటి ఏడు వానలు పడ్డాయి. మందలు తిరిగొచ్చాయి. మా నాయన సన్నబడి, గడ్డం పెరిగి, తిమ్మక్క వాకిట్లో నిలబడి, "రారా, పోదాం" అన్నాడు, నిన్న వదిలి ఇవాళ వచ్చినట్టు. నేను కదలలేదు. "నన్నే ఎందుకు వదిలినావు నాయనా?" అన్నాను.

"ఎవురినో ఒకన్ని వదలాల కదరా."

"నన్నే ఎందుకు?"

ఆయన గొర్రెల వైపు తిరిగి ఏదో అదిలించాడు. తిమ్మక్క గడప దిగి వచ్చింది. "బిడ్డ అడుగుతా ఉండాడు. జవాబు చెప్పి పిల్చుకపో అన్నా" అంది. "నీకేంది తిమ్మక్కా మధ్యలో, కూడు పెట్టినావు, పుణ్యం కట్టుకున్నావు" అని మా నాయన నా రెక్క పట్టుకున్నాడు. నా తరఫున ఒక మనిషి నోరు తెరిచి అడగడం నా జన్మలో అదొక్కసారే. ఆమె నన్ను పట్టి ఆపుతుందని చూశాను. ఆపలేదు. "పో ఈరన్నా. అడగడం మాత్రం మానొద్దు" అంది. నేను కనుమరుగయ్యేదాకా ఉన్నదో, వెంటనే లోపలికి పోయిందో తెలియదు. కోపంతో వెనక్కి చూడలేదు.

ఆ తర్వాత ఏడాది నన్నూ పడమటికి తీసుకుపోయారు. తిరిగొచ్చేసరికి తిమ్మక్క ఇంటి కప్పు కూలి ఉంది. ఆమె పోయిన కబురు మేం దారిలో ఉండగానే అందిందట. మా నాయనకు తెలుసు, మా అన్నకూ తెలుసు. నాకు చెబితే ఏడ్చి మందను చెదరగొడతానని చెప్పలేదట. ఆమె మట్టి ఎక్కడ కలిసిందో చూపించమంటే, ముళ్ళచెట్లున్న బీడు వైపు చెయ్యి ఊపారు. ఆ బీడంతా తిరిగాను. గుర్తేమీ లేదు.

దేశానికి స్వతంత్రం వచ్చిన ఏడాది మా నాయన మంచం పట్టాడు. అప్పుడూ అడిగాను. చావబోయేవాణ్ణి ఏం అడగడం అని ఇంట్లోవాళ్ళు నన్ను తిట్టారు. ఆయన మాత్రం తిట్టలేదు. "మీ అన్నకు చెప్పినా. వాన్ని అడుగు" అన్నాడు. అవే ఆయన చివరి మాటలు.

అప్పటి నుంచి మా అన్నను అడుగుతున్నాను. పెళ్ళిళ్ళలో అడిగాను, జాతరలో అడిగాను, ఆయన జబ్బుపడి లేచినప్పుడు అడిగాను. ఎప్పుడడిగినా ఒక్కటే మాట, "అవన్నీ ఇప్పుడెందుకప్పా." నా పిల్లల్ని నేను ఎప్పుడూ ఎవరింట్లోనూ వదల్లేదు. ఏదడిగినా జవాబు చెప్పకుండా పక్కకు పోలేదు. "తెలియదు" అన్నా సరే, వాళ్ళ ముఖం చూసి చెప్పాను. కూడు పెట్టడంతో పాటు జవాబు చెప్పడం కూడా పెంపకమేనని నాకు నేర్పింది, నన్ను కనని మనిషి.

అన్నా, ఇది నీ మనవళ్ళ చేత చదివించుకుంటావని తెలుసు. నేను ఎక్కువ తింటానని నన్ను వదిలారా, చెప్పు. నువ్వు ఏడ్చావని, నేను ఏడవలేదని వదిలారా, అదైనా చెప్పు. నా ముఖంలో అమ్మ పోలిక ఉందని నాయన చూడలేకపోయాడా, చెప్పు. ఎంత చిన్న కారణమైనా నేను మోస్తాను. నాయన నీతో ఏమన్నాడు? నువ్వు బతికుండగా, నేను వింటుండగా చెప్పు.