ఒంటిచేతి కానుక

నౌపడ ఉప్పుగాలికి సైకిలు బెల్లు తుప్పుపట్టి ఏడాదైనా మోగదు. నేను మూడు మార్చాను.

మా చర్చికి ఉప్పుమడుల్లో పనిచేసే ఒక మామ్మ వచ్చేది. కుడిచెయ్యి ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాటను ఆమె ఉన్నదున్నట్టే పాటించేది. కానుక వేసేటప్పుడు ఎడమచేతిని వీపు వెనక పెట్టి కొంగు కప్పేసేది. గుప్పెడు బియ్యానికైతే ఇబ్బంది లేదు. ఓ కోతకాల పండుగకు మాత్రం కోడిపెట్టను తెచ్చింది. ఒంటిచేత్తో అందించడంతో అది పాస్టరుగారి భుజం మీదుగా పాటలు పాడే ఆడపిల్లల్లోకి ఎగిరింది. ఆ పాట అక్కడితో ముగిసింది.

ఆమెకున్నది ఆ పెట్ట ఒక్కటే. వానలు పడితే మడుల్లో పని ఉండదు, దాని గుడ్లు అమ్ముకునే తినాలి. అందుకని ఆరాధనయ్యాక కానుకల వేలంలో నేనే దాన్ని పాడుకుని, సాయంత్రం ఆమె గుమ్మం దాకా మోసుకెళ్లాను. నా మంచితనానికి నాకే ముచ్చటేసింది.

"ఏటి బాబూ ఇది?"

"నీ పెట్టే మామ్మా. ఉంచుకో."

"నాదేటి? నేను దేవుడికిచ్చీసినాను గదా."

"వేలంలో కొన్నాను. ఇప్పుడు నేనే నీకిస్తున్నాను."

మామ్మ పెట్టను చూసింది, నన్ను చూసింది.

"ఇయ్యాలనుంటే నీ ఇంట్లోది ఏటైనా తెచ్చియ్యి బాబూ," అంది.