చెరువు వినపడని ఇల్లు

మా ఇంట్లో రాత్రిపూట చెరువును ఎవరూ చూడరు, వింటారు. ఈ సంగతి పెళ్ళయి వచ్చిన కొత్తలో నాకు తెలియదు.

నేను పుట్టి పెరిగింది తాడేపల్లిగూడెంలో, ఉల్లిపాయల మార్కెట్ వెనక వీధిలో. రాత్రంతా లారీలు వెనక్కి తిప్పుకునే చప్పుడు, బస్తాలు దింపేవాళ్ళ కేకలు. ఏలూరులో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో తోటి పిల్లలు కుక్కలు అరుస్తున్నాయని లేచి కూర్చుంటే నేను హాయిగా నిద్రపోయేదాన్ని. అందుకని గుండుగొలను నుంచి లోపలికి, కొల్లేటి వైపు ఉన్న ఈ ఊరికి వచ్చినప్పుడు, ఇంటి వెనకే రొయ్యల చెరువూ అందులో రాత్రంతా తిరిగే ఏరియేటర్లూ ఉన్నాయంటే భయపడలేదు. అలవాటైపోతుందిలే అనుకున్నాను. అయింది కూడా.

ఏరియేటర్ అంటే నీళ్ళ మీద తేలుతూ తెడ్ల లాంటి రెక్కలతో నీటిని చిలికే మిషను. పొద్దుగూకితే చెరువులో ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి తెల్లవార్లూ అవి తిరగాల్సిందే. ఆగిపోతే రొయ్య ఊపిరాడక పైకి తేలి గట్టు వారకు చేరుతుంది. అంతవరకూ వస్తే ఇక చేసేదేమీ ఉండదు. ఆగిపోయిన సంగతి మాత్రం ఇంట్లో ఉన్నవాళ్ళకు తెలియదు. కరెంటు మూడు ఫేజుల్లో ఒకటి పోతే చెరువు మోటార్లు ఆగుతాయి గానీ ఇంట్లో లైటు వెలుగుతూనే ఉంటుంది, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. తేడా తెలిసేది ఒక్క చెవికే. చప్పుడు ఆగగానే ఎవరో ఒకరు లేవాలి, జనరేటర్ వెయ్యాలి. మావయ్యగారు ఇన్నేళ్ళ నిద్రలో అదే చేశారు. ఇప్పుడాయనకు చెవి తగ్గింది. మా ఆయన పగలంతా మేత కోసం, ఐసు కోసం ఆకివీడూ భీమడోలూ తిరిగి వచ్చి పడుకుంటే లేపినా లేవడు. మాకున్నది ఈ ఒక్క చెరువు. వేరే పొలం లేదు, ఉద్యోగం లేదు.

పాప పుట్టి నేను పుట్టింటి నుంచి తిరిగి వచ్చాక అత్తయ్యగారు అన్నారు. "నువ్వెలాగూ పాలకి లేస్తూనే ఉంటావు కదమ్మా. కాస్త ఆ చప్పుడు మీద చెవి పెట్టు."

మామూలుగానే అన్నారు. నేనూ మామూలుగానే సరేనన్నాను. ఈ ఊళ్ళో చెరువు గట్టు మీద ఉన్న ఇళ్ళన్నింటిలోనూ ఇదే పద్ధతట. ఏ ఇంట్లో చంటిపిల్ల తల్లి ఉంటే ఆమె వింటుంది. అప్పటి నుంచి పాప ఊపిరి ఒక చెవిలో, చెరువు ఒక చెవిలో. రెండూ ఆగకూడదు. నిద్ర పట్టినా అది నిద్రలా ఉండేది కాదు. పగలు పనులన్నీ జరిగిపోయేవి. స్నానం, వంట, పాప ఉయ్యాల. అవన్నీ చేసేది నేనే అన్న స్పృహ మాత్రం ఉండేది కాదు.

ఒకరోజు పాలు తాగి పడుకున్న పిల్ల ఉన్నట్టుండి లేచి ఏడ్చింది. భుజాన వేసుకుని తిప్పినా మానలేదు. ఎందుకబ్బా అని నిలబడ్డప్పుడు తెలిసింది, బయట చప్పుడు లేదు. మా ఆయన్ని కుదిపి లేపాను. సమయానికి జనరేటర్ పడింది. మర్నాటి నుంచి అత్తయ్యగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నారు, "మా మనవరాలు చెరువు కాస్తందండీ" అని. నాకది నవ్వులాటగా అనిపించలేదు. ఇక మేమిద్దరం కాస్తున్నాం అనుకున్నాను.

మా వీధి మొగలో మూతబడ్డ రైస్ మిల్లు ఉంది. దాన్ని బార్ అండ్ రెస్టారెంట్ చేస్తున్నారని, పైన డీజేతో డాన్స్ ఫ్లోర్ పెట్టి బాగా పొద్దుపోయేదాకా నడపడానికి పర్మిషన్ అడిగారని తెలిసింది. అడిగినవాడు పరాయివాడు కాదు. మావయ్యగారిని బాబాయ్ అని పిలిచే మనిషి, నాకు బావగారు వరస. అభ్యంతరాలుంటే చెప్పుకోమని గ్రామ సచివాలయంలో మీటింగు పెట్టారు. మావయ్యగారికి సరిగ్గా వినపడదు కాబట్టి తోడుగా నన్ను రమ్మన్నారు. పాపను చంకనేసుకుని వెళ్ళాను.

ఏలూరు నుంచి వచ్చిన ఆఫీసరు గారు ఫ్యాను కింద కూర్చున్నారు. "ఏవండీ, ఒక్కొక్కరూ చెప్పండి. అందరూ ఒకేసారి మాట్లాడితే నేనేం రాసుకోను?" అన్నారు.

ఒక పెద్దాయన లేచారు. "నాకైతే ఏ అభ్యంతరమూ లేదండీ. ద్వారకా తిరుమల నడిచెళ్ళేవాళ్ళు ఈ దారినే వస్తారు గదండీ, వాళ్ళకి కనపడకుండా ఆ బోర్డు కాస్త అటు తిప్పితే..."

"బోర్డు తిప్పితే సరిపోద్దాండీ, వాసన ఎటు తిప్పుతారు?" అంది వెనక నుంచి ఒకావిడ. "కుర్రాళ్ళు పాడైపోతారండీ."

"ఇప్పుడెవరు బాగున్నారండీ మన కుర్రాళ్ళు?" అన్నాడు ఆమె పక్కనున్నాయన. "ఆకివీడు దాకా ఎళ్ళి తాగొస్తన్నారు. ఊళ్ళోనే అయితే పెట్రోలైనా కలిసొస్తది."

"తాగి మా గేటు ముందు పడిపోతే ఎవరు లేపుతారండీ?"

"మీ ఆయనైతే మీరే లేపుకోవాలి వదినా."

అందరూ నవ్వారు. బావగారు కూడా నవ్వుతూ కూల్‌డ్రింకులు అందిస్తున్నారు. ఆఫీసరు గారు బోర్డు, పార్కింగు, గేటు దగ్గర కాపలా అని రాసుకున్నారు. చెరువు మాట ఎవరూ ఎత్తలేదు. అది వాళ్ళకు అభ్యంతరంగా తోచినట్టు లేదు. వినడం అనేది ఎవరూ పని కింద లెక్కవేసుకోరు.

నేను లేచాను. ఇంటి దగ్గరే వాక్యాలు కూర్చుకుని వచ్చాను. శబ్ద కాలుష్యం, పసిపిల్లల ఆరోగ్యం అంటూ మొదలుపెట్టాను.

"సౌండ్ ఎంత ఉండాలో రూలుందమ్మా. మీటరు పెట్టి చూస్తాం," అన్నారు ఆఫీసరు గారు, తల ఎత్తకుండా.

కూర్చుకున్న మిగతా వాక్యాలు గుర్తుకు రాలేదు. "మాకు చెరువు వినపడదండీ," అన్నాను.

ఆ గదిలో చెరువున్న ప్రతివాళ్ళూ నా వైపు తిరిగారు. వెనకావిడ "అవునండోయ్" అంది మెల్లగా. ఆఫీసరు గారికి అర్థం కాలేదు. ఆయనకు విప్పి చెప్పింది బావగారే.

"నిజమేనండి. ఏరియేటర్లు ఆగితే ఆ చప్పుడు ఆగినట్టు తెలియాలండి. నేనూ ఆ చప్పుడులో పెరిగినోణ్ణే." తరవాత నా వైపు చూశారు. "అది నేను ఆలోచించకుండా ఉంటానా అమ్మా?"

"మరి మీ చెరువుల సంగతేంటి బావగారూ?"

"ఎక్కడున్నాయమ్మా, లీజుకి ఇచ్చేశాను. రొయ్య నన్ను రెండుసార్లు ముంచింది. ఈసారి మనుషుల్ని నమ్ముకుంటన్నా."

మళ్ళీ నవ్వులు. ఆయన మాత్రం ఈసారి నవ్వలేదు. మిల్లుకు దగ్గరలో ఉన్న చెరువులన్నింటికీ తన ఖర్చుతో సైరన్ పెట్టిస్తానన్నారు. ఏ ఫేజు పోయినా మోగేది, డాన్స్ ఫ్లోర్ మీదవాళ్ళకు కూడా వినపడేంతది. ఆఫీసరు గారు దాన్ని షరతుల్లో రాసుకున్నారు. మావయ్యగారి చెవి దగ్గర వంగి సంగతి చెప్పాను. "మనోడే కదమ్మా. ఇంక నువ్వు పడుకోవచ్చు," అన్నారు. ఆయన ముఖంలో నిజంగా నా మీద జాలి ఉంది. నాకు ఏమీ అనిపించలేదు. పాప కూల్‌డ్రింకు స్ట్రా పట్టుకుని లాగుతోంది. దాన్ని విడిపించడమే పనిగా కాసేపు కూర్చున్నాను.

పర్మిషన్ వచ్చింది. చెప్పిన మాట ప్రకారం బావగారు దగ్గరుండి చెరువు గట్టు మీది మకాం షెడ్డు కప్పు మీద సైరన్ బిగించి వెళ్ళారు. మొదటి వారం రాత్రులు పాటల మోత గోడలోంచి మంచంలోకి వచ్చేది. చెరువును వెతికేదాన్ని. పాటకూ పాటకూ మధ్య ఎక్కడో ఒక్క క్షణం దొరికేది, మళ్ళీ పోయేది. సైరన్ మోగనప్పుడు అంతా బాగుండి మోగలేదో, పాడైపోయి మోగలేదో తెలియక వరండాలోకి వెళ్ళి చూసి వచ్చేదాన్ని. మకాం లైటు వెలుగులో తెల్లటి నురగ కదులుతూ కనపడేది.

"మిషన్ని కూడా నమ్మవా?" అన్నాడు మా ఆయన. తిట్టలేదు, అడిగాడంతే.

పోయిన నెలలో ఫేజు పోయింది. పాటలు ఇంకా మోగుతూనే ఉన్నాయి, వాటి మీదుగా సైరన్ మోగింది. మా ఆయన లేచాడు, అత్తయ్యగారు లేచారు, చెవి తగ్గిన మావయ్యగారు కూడా లేచి లుంగీ సర్దుకుంటూ వెనక తలుపు తీశారు. జనరేటర్ పడింది. ఒక్క రొయ్య కూడా పోలేదు. అందరూ గట్టు మీద నిలబడి సంతోషంగా మాట్లాడుకుంటుంటే నేను లోపలికి వచ్చాను. పాప కదలకుండా నిద్రపోతోంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి ఆడుతోంది. ఒకప్పుడు చప్పుడు ఆగితేనే లేచిన పిల్ల అంత సైరన్‌కు లేవలేదు.

చెరువు ఇప్పుడు క్షేమంగానే ఉంది. రేపో ఎల్లుండో రొయ్యల పట్టుబడి. రొయ్య బాగా పెరిగిందని లారీ మాట్లాడారు కూడా. నన్నెవరూ వినమని అడగడం లేదు. ఈ నాలుగు ముక్కలూ రాసుకుంటున్నది ఆ ఖాళీ సమయంలోనే.

పాప ఇప్పటికీ రాత్రి ఒకసారి లేస్తుంది. మిల్లులో ఆఖరి పాట ఆగగానే ఉలిక్కిపడి ఏడుస్తుంది. వెనక చెరువులో ఏరియేటర్లు తిరుగుతూనే ఉంటాయి, ఆ చప్పుడు దానికి వినపడదు. అందుకని పాటలు కట్టేసే వేళకు నేను ముందే దాని పక్కన చేరతాను. దాని గుండె మీద చెయ్యి వేసి, పాట ఆగడం కోసం చూస్తూ కూర్చుంటాను.