మొగిలి దిగిన వంతు

1998లో కొత్తగూడ చుట్టూ కంప్యూటర్ కంపెనీల కోసం బండలు పేలుస్తుంటే, డెబ్భై ఎనిమిదేళ్ల సీతారామయ్య ప్రతి పేలుడుకీ మంచంకోడు పట్టుకునేవాడు. ఆ ఉదయం మాత్రం పేలుడు చెవిన పడితే ఒట్టు. ఎదురుగా మొగిలి కూతురు నాగేశ్వరి కూర్చుని ఉంది మరి.

హఫీజ్‌పేటలో కొడుకు దగ్గరుంటోందట. తండ్రితో ఒకే ఓడలో పనిచేసిన భీమిలి మనిషి ఇక్కడున్నాడని విని ఆటో ఎక్కి వచ్చేసింది. వచ్చి ఒక్కటే అడిగింది.

"మా నాన్న ఎవత్తెతో పోయాడు బాబాయ్? చచ్చేలోపు తెలుసుకుందామని."

పేలుడు వినకుండానే సీతారామయ్య మంచంకోడు పట్టుకున్నాడు.

వాళ్లిద్దరూ పనిచేసింది దొరలు షికార్లెళ్లే ఓడలో. రెండో ప్రపంచయుద్ధం రాగానే తివాచీలు పీకేసి, పాత ఫిరంగులు బిగించి, బూడిదరంగు పూసి యుద్ధనౌక అన్నారు. కింద బాయిలర్లకి బొగ్గేసే మనుషులు మాత్రం పాత భీమిలివాళ్లే, అలవాట్లూ పాతవే. ఒకడికి ఒంట్లో బాగోకపోతే ఇంకొకడు వాడి వంతుకి దిగేవాడు. షికారు ఓడలో అడిగే నాథుడు లేడు, యుద్ధనౌకలో అదే జైలు నేరం. భీమిలివాళ్లు వింటేగా!

రేవు వదిలిన రోజే సీతారామయ్యకి జ్వరం. అతని వంతుకి మొగిలి దిగాడు. సాయంత్రం శత్రువుల గుండు బాయిలరు గదికే తగిలి సముద్రం లోపలికొచ్చేసింది. ఒక్క శవమూ దక్కలేదు. ఆఫీసరు వంతుల పట్టీ చూసి, నువ్వు కింద లేవా అని గద్దించాడు. ఉన్నాను దొరా, నిచ్చెనెక్కి బయటపడ్డాను అన్నాడు ఈ పిరికి వెధవ. మొగిలికి ఆ పూట వంతు లేదు, చూస్తే ఓడలోనూ లేడు. రేవులోనే దిగి పారిపోయాడని రాసేసుకున్నారు.

ఇంట్లో మనవలకి ఆ నిచ్చెన కథే గొప్ప. ఇప్పుడు నోరు విప్పితే తాత పరువేం కాను? కోడలు సంయుక్త కాఫీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చింది.

"అమ్మ పోయేదాకా బొట్టు తియ్యలేదు బాబాయ్," అంది నాగేశ్వరి. "ఊరంతా నవ్వేది. నేను నాన్నని తిట్టుకుంటూనే పెరిగాను."

ఇక ఆగలేకపోయాడు. కోడలి ముందే, వంతు మార్పు దగ్గర్నుంచి తనాడిన అబద్ధం దాకా అంతా చెప్పేశాడు. చెంప పగలగొట్టినా బాగుండునని ఎదురుచూశాడు. నాగేశ్వరి చాలాసేపు ఏడ్చి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అమ్మని చూసి నవ్వినవాళ్లలో ఇద్దరు బతికే ఉన్నారు. భీమిలొచ్చి, వాళ్ల ముందు ఇదే చెప్పాలి నువ్వు."

సీతారామయ్య కోడలి ముఖంలోకి చూడలేకపోయాడు.

"రేపటి బండికే వెళదామమ్మా," అన్నాడు.