కంప్యూటరులో నాయన గొంతు

మొన్న ఆదివారం పొద్దున తెల్లాపూర్‌లో మా ఫ్లాటు బాల్కనీలో కూర్చుని మా అమ్మాయి తన స్నేహితురాలికి ఫోనులో మాట పంపుతోంది. తెర మీద బొటనవేలు అదిమిపెట్టి రెండు ముక్కలు మాట్లాడడం, విని, గొంతు బాగా రాలేదని మూతి ముడిచి చెరిపేయడం, మళ్లీ మాట్లాడడం, మళ్లీ చెరిపేయడం. అది చెరిపినప్పుడల్లా పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నాకు ప్రాణం ఉసూరుమంటోంది. ఉండబట్టలేక, ఒకటైనా ఉంచుకోవే అన్నాను. కావాలంటే మళ్లీ చెప్తాను కదమ్మా, దానికేంటి అంది. కావాలనుకున్నప్పుడు మళ్లీ చెప్పగలగడమే ఒక భాగ్యమని ఇరవయ్యేళ్ల పిల్లకు ఎలా తెలుస్తుంది? ఇంట్లోకి మొదటిసారి కంప్యూటరు వచ్చిన రోజులు చూసిన నా ఈడు వాళ్లతోనైతే ఈ బాధ చెప్పుకోవచ్చు.

తొంభైల చివరి మాట ఇది. మాదాపూర్ బండరాళ్ల మధ్య అద్దాల భవనాలు అప్పుడప్పుడే లేస్తున్నాయి, కంపెనీ బస్సు దిగితే ఒక పక్క మెరిసే మెట్లు, ఇంకో పక్క మేకల మంద. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసిపెట్టారు కనుక రెండువేల సంవత్సరం వచ్చేసరికి లోకంలోని కంప్యూటర్లన్నీ తికమకపడతాయని, వాటిని ముందే దిద్దాలని ఎక్కడెక్కడివాళ్లో మాకు పని పంపేవారు. ఆ దిద్దేవాళ్లలో నేనొకదాన్ని. మా ఇల్లు బాలానగర్‌లో. మా నాయన అక్కడే ఒక వర్క్‌షాపులో లేతు మిషను మీద ఇనుము చెక్కే టర్నరు. పొద్దస్తమానం మిషన్ల రొదలో అరిచి మాట్లాడడం అలవాటైపోయి, ఇంట్లో ఆయన చెప్పే రహస్యం కూడా మా వాడకట్టు మొత్తానికి వినిపించేది.

నా జీతంతో మేము కొన్న మొదటి పెద్ద వస్తువు కంప్యూటరు, సికింద్రాబాద్‌లో ఒక దుకాణంవాడు విడిభాగాలు ఏరి కూర్చి ఇచ్చినది. నాయనకు దాని మీద ఎంత మురిపెమో చెప్పలేను. తోటి పనివాళ్లను పిలిచి మరీ చూపించేవాడు, దుమ్ము పడకుండా అమ్మ చేత గుడ్డ కవరు కుట్టించాడు, చెప్పులతో ఆ గదిలోకి ఎవరినీ రానిచ్చేవాడు కాదు. ఆ ఏడు దసరాకు వర్క్‌షాపులో లేతుకు ఎంత శ్రద్ధగా ఆయుధపూజ చేశాడో, ఇంట్లో దీనికీ అంత శ్రద్ధగా చేశాడు.

దసరా వెళ్లిన కొద్దిరోజులకే ఆయన గొంతు తేడా చేసింది. ముందు జలుబన్నారు, తర్వాత పుండన్నారు, ఆ తర్వాత పెద్ద దవాఖానలో గొంతులోకి గొట్టం వేసి చూసి, స్వరపేటిక తీసేయక తప్పదన్నారు. ప్రాణానికి భయం లేదు, మాట మాత్రం ఇక రాదు అని డాక్టరు నాతో చెప్పిన తీరు, పన్ను పీకుతామన్నంత మామూలుగా ఉంది. వచ్చే సోమవారమే ఆపరేషన్. అప్పటిదాకా గొంతుకు శ్రమ ఇవ్వకుండా వీలైనంత తక్కువ మాట్లాడమన్నారు. ఇంటికి వస్తూ ఆటోలో నాకు ఒకటే ఆలోచన, సోమవారం లోపల ఈ గొంతును ఎక్కడో ఒకచోట దాచిపెట్టాలి.

మా పై వాటాలో కిరాయికుండే అంకుల్, గోదావరి జిల్లానుంచి ప్రభుత్వోద్యోగం మీద వచ్చిన మనిషి, సంగతి తెలిసి తన టేపు రికార్డరు పట్టుకుని మెట్లు దిగి వచ్చారు. "కొత్త క్యాసెట్టు కూడా తెచ్చానండీ, ఇప్పుడే చేసేద్దాం" అన్నారు. నాయన తల అడ్డంగా ఊపాడు. "టేపు అందరిండ్లల్ల ఉంటది సార్. నా బిడ్డ కంప్యూటర్ తెచ్చింది. నా గొంతు అండ్లనే ఉండాలె" అన్నాడు బొంగురుగా. ఆయన ఒకసారి అన్నాక ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా మార్చలేడు. నాకూ లోలోపల గర్వంగానే ఉంది. రోజంతా ఎవరెవరివో ప్రోగ్రాములు దిద్దేదాన్ని, మా ఇంటి కంప్యూటరులో నాలుగు మాటలు ఎక్కించలేనా అనుకున్నాను. ఆ గర్వం మర్నాటి సాయంత్రానికే నీరుగారిపోయింది.

అప్పటిదాకా మేము దానిలో పాటలు వినడమే తప్ప మాట ఎక్కించింది లేదు. మైకు కొత్తగా కొన్నాను. రికార్డు చేసే ఆ ప్రోగ్రాము మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, చిన్న నల్లటి గడిలో ఒక ఆకుపచ్చ గీత, కింద ఎర్ర చుక్క ఉన్న బొత్తం. మాట పడితే ఆ గీత లేచి ఆడాలి. నాయన కుర్చీ లాక్కుని కూర్చుని, గొంతు సవరించుకుని హలో అన్నాడు. గీత కదలలేదు. ఇంకొంచెం గట్టిగా అన్నాడు. ఊహూ. వెనక్కి తిప్పి వింటే బుయ్యిమని ఒకటే రొద.

మూలనున్న స్పీకరు బొమ్మ నొక్కి వెతగ్గా వెతగ్గా, వినడానికి ఒక పట్టిక, రికార్డు చేయడానికి ఇంకొక పట్టిక వేరువేరుగా ఉన్నాయని, ఆ రెండోదానిలో మైకు ఎదురుగా టిక్కు లేదని తెలిసింది. దొరికావు దొంగా అని టిక్కు పెట్టి, మైకు మోత చివరిదాకా పెంచాను. నాయన మళ్లీ హలో అన్నాడు. వినబోతే అదే బుయ్యి, ఇదివరకటికంటే ఇంకాస్త గట్టిగా.

ఆ వారమంతా నేను పడ్డ బాధ పగవాళ్లకు కూడా వద్దు. పొద్దున కంపెనీ బస్సు వచ్చేలోపు కొంతసేపు, సాయంత్రం వచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా కొంతసేపు ఆ మిషను ముందే. ఆఫీసులో కనబడ్డవాళ్లనల్లా అడిగాను. మోడెముకూ సౌండు కార్డుకూ పడడం లేదని ఒకరంటే మోడెం తీగ పీకేశాను. ట్యూబులైటు రొద అని ఇంకొకరంటే లైటార్పేశాను. మైకే చెడిపోయి ఉంటుందంటే పక్క సీటు అమ్మాయి దగ్గర వేరే మైకు అడిగి తెచ్చాను. సీడీ వేసి కార్డు తాలూకు సాఫ్టువేరంతా తీసి మళ్లీ ఎక్కించమన్నారు, ఎక్కించాను, ఈసారి పాటలు కూడా మూగబోయాయి. తెర మీద సౌండు కార్డు పేరు పక్కన పసుపు రంగులో ఆశ్చర్యార్థకం గుర్తొకటి వచ్చి కూర్చుంది. దాన్ని చూస్తూ ఏడ్చేశాను. నాయన కంట పడకూడదని కీబోర్డు తుడుస్తున్నట్టు వంగి కూర్చున్నాను. మర్నాడు ఎలాగో పాటలు వచ్చాయి, మాట మాత్రం రాలేదు.

అన్నిటికంటే నన్ను తినేసినవి ఆ హలోలు. నేనే అని చూస్తాను నాయనా అంటే వినేవాడు కాదు. ఎవరి పని ఎక్కించాలో వాళ్లే మిషను దగ్గర నిలబడాలన్నది వాళ్ల వర్క్‌షాపు పట్టింపు. మొదటి రోజు హలో మా వాకిలి దాకా వినిపించింది, శుక్రవారానికి గదిలోనే ఆగిపోయింది, శనివారానికి అందులో సగం ఊపిరే. దాచుకోవలసిన మాటలన్నీ నా కళ్లముందే హలోలుగా కరిగిపోతుంటే, నా చేతులతో నేనే ఆయన గొంతు పిండేస్తున్నట్టు అనిపించేది. అమ్మ చూడలేక, "ఇగ చాలు తియ్యి బిడ్డా, ఆయనను పరేషాన్ చెయ్యకు" అంది. నాయన మాత్రం కానియ్యమని చేత్తో సైగ చేశాడు. కంప్యూటరు అమ్మిన దుకాణానికి ఫోను చేస్తే, "ఫార్మాట్ కొట్టాలె మేడం, తీస్కరాండ్రి, మంగళవారం ఇస్త" అన్నాడు. మంగళవారం ఆ మిషను బాగుపడితే నాకేం, పడకపోతే నాకేం?

ఆదివారం వచ్చేసింది. సాయంత్రం దవాఖానలో చేరాలి. ఇక ఏదైతే అదయిందని, కాళ్లు పట్టుకుని అయినా నాయనను టేపు రికార్డరుకు ఒప్పించాలని నిశ్చయించుకుని, చివరిసారిగా తీగలన్నీ పీకి పెట్టెను వాకిట్లోకి మోసుకొచ్చాను. ఎప్పుడూ గోడవైపు తిరిగి ఉండే దాని వీపును అప్పటిదాకా చేత్తో తడుముతూ తీగలు గుచ్చడమే తప్ప వెలుతురులో చూడలేదు. ఎండలో తిప్పి చూస్తే, వరసగా ఉన్న గుండ్రటి రంధ్రాల్లో స్పీకరు తీగ ఉండేది మాత్రమే శుభ్రంగా ఉంది, మిగతా వాటిల్లో లేత పసుపురంగులో ఏదో బిగుసుకుపోయి ఉంది. మైకు తీగ కొసను ముక్కు దగ్గర పెట్టుకుంటే గంధం వాసన.

దసరానాటి గంధం. లేతుకు నూనె పోసే రంధ్రం ఒక్కటి కూడా వదలకుండా గంధం బొట్టు పెట్టి, మీద కుంకుమ అద్దడం వాళ్ల ఆనవాయితీ. మిషనుకు ఊపిరి అక్కడే ఉంటుందని నాయన అనేవాడు. అదే భక్తితో కంప్యూటరుకూ ముందు బొత్తాలకు, వెనక కనబడ్డ రంధ్రాలకు వేలితో ఒత్తి ఒత్తి బొట్లు పెట్టాడు. స్పీకరు తీగ అప్పటికే గుచ్చి ఉండబట్టి అది బతికిపోయింది. ఎండి రాయైన గంధం మీద మైకు పిన్ను సగం దిగి ఆగిపోయేది, నా చేతికేమో దిగినట్టే తగిలేది. నవ్వాలో ఏడవాలో తెలియక పిన్నీసుతో గీకుతూ కూర్చుంటే అమ్మ వచ్చింది, ఒక్క క్షణంలో సంగతి గ్రహించింది, లోపల కుర్చీలో ఉన్న నాయన వైపు చూసింది. "చెప్పకు. ఆయన పానం గుంజుతది" అంది మెల్లగా. నేను చెప్పలేదు, ఆయనకు ఆ సంగతి చివరిదాకా తెలియలేదు.

అన్నీ బిగించి ఈసారి నేనే హలో అన్నాను. ఆకుపచ్చ గీత లేచి ఆడింది. ఆ గీతకు దండం పెట్టబుద్ధయింది. నాయనను పిలిచి కూర్చోబెట్టాను. ఏమేం చెప్పించుకోవాలో వారమంతా మనసులో అనుకుంటూనే ఉన్నాను, ఊరు విడిచి బాలానగర్‌కు పని వెతుక్కుంటూ వచ్చిన సంగతి, మొదటిసారి లేతు ముట్టుకున్న సంగతి, రేపు నా పెళ్లిలో వినిపించుకోవడానికి ఒక దీవెన. ఎర్ర బొత్తం నొక్కాను. నాయన మైకును చూసి, పోలీసును చూసినట్టు బిగుసుకుపోయాడు. దగ్గాడు. "ఏం చెప్పాలె?" అన్నాడు. ఏదైనా చెప్పమని సైగ చేశాను. చాలాసేపు ఊరుకుని, మళ్లీ దగ్గాడు. గొంతెండిపోయి, విసుగొచ్చి, మైకు సంగతి మరిచి వంటింటి వైపు తిరిగి, తన పాత గొంతులో మిగిలినదంతా కూడగట్టి ఒక్క కేక వేశాడు. "ఏమే, జర చాయ్ పెడ్తవా?"

అక్కడితో ప్రోగ్రాము దానంతటదే ఆగిపోయింది. అది ఒక విడతకు ఒక నిమిషమే రికార్డు చేస్తుందన్న సంగతి, వారమంతా హలోలతోనే గడిపిన నాకు తెలియనే తెలియదు. వంటింట్లోంచి అమ్మ "వస్తున్న" అన్నది ఆ తర్వాత. గబగబా మళ్లీ నొక్కాను, నాయన నోరు తెరిచాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. చాయ్ తాగి కాస్త అలసట తీరాక చేద్దామనుకున్నాం. తీరలేదు. సాయంత్రం ఆటో వచ్చింది. ఇంత పాటుపడి చివరికి చాయ్ అడిగిన కేక ఒక్కటి మిగిలిందా అని దవాఖాన బెంచీ మీద కూర్చుని ఏడ్చిన ఏడుపు నాకింకా గుర్తే.

ఇంటికి వచ్చాక నాయన ఏం కావాలన్నా పలక మీద రాసేవాడు. అమ్మకు చదువు రాదు, చదివి చెప్పాల్సిన నేనేమో మాదాపూర్‌లో. చప్పట్లు కొట్టి పిలిస్తే, "నేనేమన్న హోటల్ల పనిచేస్తున్ననా?" అని అమ్మకు ఎక్కడలేని కోపం వచ్చేది. ఒకరోజు సాయంత్రం ఆఫీసునుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే లోపలినుంచి నాయన గొంతు వినబడింది. ఏమే, జర చాయ్ పెడ్తవా? ఒక చెప్పు కాలికి ఉండగానే లోపలికి పరుగెత్తాను. వెళ్లి చూస్తే కంప్యూటరు ముందు నాయన, మౌసు మీద చెయ్యి, ముఖమంతా నవ్వు. ఆ చివరి కేకను నేను కత్తిరించి వేరుగా తెర మీద పెట్టి ఉంచాను, అది ఎలా నొక్కాలో నన్ను చూసి పట్టేశాడు. వంటింట్లోంచి అమ్మ, పెళ్లయిన నాటినుంచి అంటున్నట్టే, "వస్తున్న" అంది.

పై వాటా అంకుల్ మొదటిసారి విన్నప్పుడు మెట్ల మీద పరుగెత్తుకొచ్చి, "నాన్నగారికి మాట వచ్చేసిందమ్మా!" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు, సంగతి చెప్పాక మరింత పెట్టుకున్నారు. చాయ్ కావాలన్నా, అన్నం కావాలన్నా, ఒక్కడినే తోచడం లేదు వచ్చి కూర్చొమ్మన్నా అదే కేక. ఏ పూట దేనికో అమ్మకు తెలిసిపోయేది. ఆ ఒక్క కేకతోనే వాళ్లిద్దరూ ఇంకా చాలా ఏళ్లు సంసారం చేశారు.

నాయన పోయాక, కొత్త కంప్యూటరులోకి పాతవన్నీ ఎక్కిస్తూ ఒకసారి ఆ కేక పెట్టాను. అమ్మ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి పరుగున వచ్చింది. కుర్చీని చూసింది, నన్ను చూసింది. "అది పెట్టకు బిడ్డా. ఆయన పిలిస్తె నా కాళ్లు ఆగయి. వచ్చి చూస్తె ఆయన ఉండడు" అంది. ఆమె ఉన్నన్నాళ్లూ మళ్లీ పెట్టలేదు. ఫోన్లలో ఇలా మాటలు దాచుకునే రోజులు రాకముందే ఆమె కూడా వెళ్లిపోయింది.

ఇప్పుడు మైకులు మార్చక్కర్లేదు, టిక్కులు వెతకక్కర్లేదు, ఒక్క బొత్తం నొక్కితే మాట పడుతుంది, ఎంతసేపు మాట్లాడినా ఆగదు. నిన్న మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఎన్నో మిషన్లు మారి నా ఫోనులోకి చేరిన ఆ కేకను మళ్లీ విన్నాను. గరగర లేదు, రొద లేదు, నాయన పక్క గదిలోంచి పిలిచినట్టే ఉంది. పిలిచి ఊరుకున్నాడు. ఆ తర్వాత రావలసిన మాట కోసం నేను కూడా చెవి పెట్టి కూర్చున్నాను. అది ఎప్పుడూ వంటింట్లోంచే వచ్చేది కదా, దాన్ని కూడా ఎక్కించుకోవాలని మాకెవరికీ తోచనే లేదు. మా అమ్మ గొంతు నా దగ్గర ఎక్కడా లేదు.