పెళ్ళి రిజిస్టరులో లేని పేరు

చర్చిలో పాత రిజిస్టరు చూసొచ్చి, రామచంద్రపురంలో బస్సెక్కాక కూడా నా కోపం తగ్గలేదు. గోదావరి లంకలో రెల్లు కొట్టి, మా వాళ్ళందరికంటే ముందు గుడిసె వేసుకున్నది మా తాతమ్మ, నాన్నగారి నాన్నమ్మ. జనాభా లెక్కల్లో ఆవిడ ఒక అంకె. చర్చి పెళ్ళి రిజిస్టరులో పెళ్ళికొడుకు పేరుంది, సాక్షుల పేర్లున్నాయి, వాళ్ళని రేవు దాటించిన పడవవాడి పేరు కూడా ఉంది. ఆవిడ మాత్రం ‘వధువు’. పేరు తెలిసినవాళ్ళెవరూ ఇప్పుడు లేరు.

పక్కన ఖాళీ చేపల తట్టతో కూర్చున్నావిడ “ఏంటండీ?” అని అడిగితే అంతా చెప్పేశాను.

“రాసినోణ్ణి అమ్మ కనలేదేంటండీ?” అంది. మళ్ళీ తనే, “ఆవిడ పేరు మనవరాలికి పెట్టే ఉంటారు. కోడలు అత్తగారి పేరు పలకకూడదు కదండీ, పిల్లని ఇంకోలా పిలుస్తుంది. మీ ఇంట్లో అలా పెరిగిందెవరండీ?” అంది.

తాతమ్మకు పెద్ద మనవరాలు మా మేనత్త. అందరికీ ఆవిడ బుల్లెమ్మే. ఓటరు కార్డులో మాత్రం రత్తమ్మ.

నేను దణ్ణం పెట్టేలోగా ఆమె తట్ట తీసుకుని రావులపాలెంలో దిగిపోయింది. ఆమెను పంపినందుకు రోజూ ప్రార్థనలో దేవుడికి కృతజ్ఞతలు చెబుతాను, తాతమ్మ పేరు, రత్తమ్మ అని, పైకి పలుకుతాను. ఆ రిజిస్టరు రాసినాయన్ని క్షమించమని మాత్రం ఇంతవరకూ అడగలేదు.